తలుపు తెరిచినప్పుడల్లా జాజ్

మొన్న మా మనవడు ఒక మాటన్నాడు. సోఫాలో వెల్లకిలా పడుకుని, చెవుల్లో ఆ తెల్లటి జీడిపిక్కల్లాంటివి పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏం వింటున్నావురా అన్నాను. నాలుగోసారి అడిగితే ఒక చెవిలోది తీసి, "జాజ్ తాతయ్యా. చదువుకునేటప్పుడు బాగుంటుంది, పడుకునే ముందు వింటే నిద్ర కూడా బాగా పడుతుంది" అన్నాడు.

నిద్ర! జాజ్ వింటే నిద్ర పడుతుందట. మా రోజుల్లో జాజ్ వింటే ఉన్న నిద్ర ఎగిరిపోయేది, మనదే కాదు, వీధి మొత్తానిదీ. వాయిస్తున్నదెవర్రా అని అడిగితే "ప్లేలిస్ట్" అన్నాడు. కాసేపు అదే ఆయన పేరనుకున్నాను. ఫ్రెంచివాడై ఉంటాడని కూడా అనుకున్నాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

వాడెలాగూ వినడు. మీరు వింటారని కాదుగానీ, ఇక్కడిదాకా చదివారు కదా, అదే పదివేలు. అందుకని మీకు చెబుతాను.

1962లో నేను బొంబాయి వెళ్ళాను. బొంబాయే. ముంబై అనడానికి నాకు నోరు తిరగదు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఎస్సెల్సీ, టైపు హయ్యరు పాసయ్యాక, మా మేనమామ ఎవరినో పట్టుకుని బల్లార్డ్ ఎస్టేట్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో టైపిస్టుగా వేయించాడు. జీతం నెలకి 140 రూపాయలు. విక్టోరియా టెర్మినస్‌లో దిగేటప్పటికి నా దగ్గర ఒక రేకు పెట్టె, ఒక ఆవకాయ జాడీ ఉన్నాయి. ఆ జాడీ కాజీపేటలో రైలు మారేటప్పుడు... సరే, అది వేరే కథ. కానీ ఆ జాడీని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఊళ్ళో మనవాళ్ళు తక్కువేం కాదు. కామాఠీపురా అన్న పేరే తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడ రాళ్ళూ మట్టీ మోసిన కామాఠీల వల్ల వచ్చింది. వర్లీ చాళ్ళ నిండా మిల్లుల్లో పనిచేసే పద్మశాలీలు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ, ఆదివారాలు వెళితే నాలుగు తెలుగు పత్రికలు, నాలుగు తెలుగు తగాదాలు. నేను మాత్రం ఆఫీసుకి నడిచి పోవచ్చని, బస్సు డబ్బులు మిగుల్తాయని, ధోబీ తలావ్ వెనక సందులో ఒక గదిలో నలుగురిలో ఒకడిగా చేరాను.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం తిని నడుం వాల్చానో లేదో, ఎదురింటి మేడ మీంచి బాకా. ఎవరిదో పెళ్ళి కాబోలనుకుని కిటికీలోంచి చూశాను. పెళ్ళీ లేదు, పెడాకులూ లేదు. చారల పైజామా, బనీను వేసుకున్న ఒక పెద్దమనిషి మూలకి తిరిగి, గోడకి అడుగు దూరంలో నిలబడి, గోడతో ఏదో చెప్పుకుంటున్నట్టు ట్రంపెట్ ఊదుతున్నాడు. ఇరుగుపొరుగు తిట్టకుండా ట్రంపెట్ మూతిలో మేజోడు కుక్కాడు. అదీ ఒంటికాలి మేజోడు. ఒకే నాలుగు స్వరాలని నలభైసార్లు వాయించాడు. నాకు చిర్రెత్తి పోట్లాడదామని వెళ్ళాను.

ఆ మేడ గోవావాళ్ళ 'కూడ్'. మీకు తెలీదు. గోవాలో ఒక్కో ఊరికీ బొంబాయిలో ఒక్కో కూడ్ ఉండేది, ఆ ఊరివాళ్ళ సత్రమన్నమాట. పొడుగాటి హాలు, గోడల వారన వరసగా రేకు పెట్టెలు, ఒక్కో పెట్టె ఒక్కో మనిషి సంసారం. మూల మేరీమాత పీఠం. సాయంత్రం అందరూ మోకాళ్ళ మీద కూర్చుని జపమాల తిప్పాల్సిందే. ఓడల్లో పనిచేసేవాళ్ళు, వంటవాళ్ళు, వాళ్ళ మధ్యన ఈ సంగీతంవాళ్ళు. నెలకి ఏదో నామమాత్రపు చందా. మీరిప్పుడు 'కో-లివింగ్' అని నెలకి పాతికవేలు కట్టి ఉంటున్నారే, దాని ముత్తాత అది. అందులో తిండి బాగుండేది.

పోట్లాడదామని వెళ్ళినవాణ్ణి టీ తాగి వచ్చాను. ఆయన పేరు చెప్పను, పిల్లలు ఎక్కడున్నారో, ఏమనుకుంటారో. మాస్టారనే అందాం. మర్నాడు నేను గిన్నెలో ఆవకాయ పట్టుకెళ్ళాను. పావురొట్టె మధ్యలో పెట్టుకుని తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. ఆవకాయ జాడీ మళ్ళీ వస్తుందన్నానా, ఇదిగో.

గోవావాళ్ళకి ఈ విద్య ఎలా అబ్బిందో ఆయనే చెప్పాడు. పోర్చుగీసు రోజుల్లో అక్కడ చర్చిల పక్కనే బడులుండేవి. అక్షరాలతో పాటు స్వరాలు కాగితం మీద చూసి చదవడం నేర్పేవారు. వయొలిన్ పట్టని పిల్లాడు అరుదు. ఊళ్ళో పని లేక ఆ పిల్లలు బొంబాయి, కలకత్తా, లాహోరు, కరాచీ పోయారు. ఎక్కడ పియానో ఉంటే అక్కడ ఒక గోవావాడు. సినిమాకి మాటల్లేని రోజుల్లో తెర ముందు కూర్చుని వాయించిందీ వాళ్ళే, మహారాజుల బ్యాండ్లలో వాయించిందీ వాళ్ళే.

జాజ్ మాత్రం అమెరికా నల్లవాళ్ళు తెచ్చిపెట్టారు. 1935లో లియాన్ ఆబీ అనే వయొలిన్ విద్వాంసుడు తన బృందాన్ని వెంటబెట్టుకుని తాజ్‌మహల్ హోటల్‌కి వచ్చాడు. ఆ తర్వాత క్రికెట్ స్మిత్ అని ట్రంపెట్ ఆయన వచ్చాడు. పేరు విని నేను బౌలరా బ్యాట్స్‌మనా అని అడిగి మాస్టారి దగ్గర చీవాట్లు తిన్నాను. ఇంకొకాయన టెడ్డీ వెదర్‌ఫోర్డ్, పియానో. షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించినవాడు. సొంత దేశంలో ముందు గుమ్మంలోంచి హోటల్‌కి రానివ్వని మనుషులు ఇక్కడ తెల్లకోట్లు వేసుకుని దొరల్నీ రాజుల్నీ ఆడించారు. వెదర్‌ఫోర్డ్ ఇంక వెనక్కి పోలేదు. కలకత్తాలో గ్రాండ్ హోటల్లో వాయిస్తూ, 1945లో కలరా వచ్చి అక్కడే పోయాడు. నలభై ఒక్క ఏళ్ళకే. ఇదంతా చెబుతూ మాస్టారు శిలువ గుర్తు వేసుకునేవాడు. ఎందుకో తెలీకుండానే నేనూ దణ్ణం పెట్టేవాణ్ణి.

వాళ్ళ పక్కన కూర్చుని వాయించీ, చాటుగా వినీ, రికార్డులు అరగదీసీ మన గోవావాళ్ళు నేర్చుకున్నారు. చిక్ చాకొలెట్ అని ఒకాయన ఉండేవాడు. అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్, ఊరు ఆల్డోనా. భారతదేశపు ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవారు. తల్లిదండ్రులు ఏం పేరు పెట్టినా స్టేజి ఎక్కేటప్పుడు చాకొలెట్ అని పెట్టుకునే ధైర్యం ఆ కాలం వాళ్ళకే ఉండేది. ఇప్పటివాళ్ళు పేరు మార్చాలంటే ఒక అక్షరం అదనంగా తగిలిస్తారు, అదీ న్యూమరాలజీ ఆయన చెబితే.

నేను జాజ్ నేర్చుకున్నది మాత్రం చేత్తో. మాస్టారు రికార్డు పెట్టి తాళం వెయ్యమన్నాడు. మన ఊరి భజనలో వేసినట్టు ఒకటీ, మూడూ దెబ్బల మీద చప్పట్లు వేశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. "రెండు, నాలుగు" అన్నాడు. మళ్ళీ నా చెయ్యి ఒకటి మీదికే పోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. అలా పదిహేను రోజులు. ఒకరోజు చెయ్యి దానంతటదే రెండు మీద పడింది, నాలుగు మీద పడింది, అంతే, పాట మొత్తం కుర్చీలోంచి లేచి నడవడం మొదలెట్టింది. ఇంకేముంది, పల్లవి అందుకుని స్వరకల్పన చేసినట్టు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు విజృంభించడం, తని ఆవర్తనం వచ్చినప్పుడు మృదంగం ఆయన్ని వదిలేసినట్టు డ్రమ్ములాయన్ని వదిలెయ్యడం, అన్నీ మన కచేరీ లెక్కలే కదా అనిపించింది. ఆ మాట ఆంధ్ర మహాసభలో ఒక భాగవతార్‌గారితో అన్నాను. ఆయన నాతో కొన్నేళ్ళు మాట్లాడలేదు.

రాత్రిళ్ళు కూడ్‌లో షార్ట్‌వేవ్ రేడియో ముందు చేరేవాళ్ళం. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కనోవర్ అని ఒకాయన 1955 నుంచి జాజ్ వినిపించేవాడు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసమని మాటా మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పేవాడు. నా ఇంగ్లీషంతా ఆయన భిక్షే. అందుకే మా ఆఫీసులో మేనేజరు, ఈ తెలుగువాడికి ఒంట్లో బాలేదా, ఇంత నెమ్మదిగా మాట్లాడతాడేం అనేవాడు. పాట మధ్యలో రేడియో గరగరమని సముద్రం అవతలికి వెళ్ళిపోయేది. ఏరియల్ తీగ పట్టుకుని ఒకడు కిటికీలో నిలబడితే వెనక్కి వచ్చేది. ఇప్పుడు మీకు వేలు పెడితే వస్తుంది. ఏరియల్ పట్టుకుని నిలబడనివాడికి పాట విలువ ఏం తెలుస్తుంది? (నేను ఎప్పుడూ ఏరియల్ పట్టుకోలేదు. పొట్టివాణ్ణి.)

ఇక చర్చిగేట్. సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు వదిలితే నేను ఇంటికి పోకుండా అటు తిరిగేవాణ్ణి. గేలార్డ్, బాంబెలీస్, అంబాసిడర్, అస్టోరియా హోటల్లో వెనిస్, ఒక్క వీధి చుట్టుపక్కలే ఇన్ని చోట్ల మనుషులు కూర్చుని వాయించేవారు. రోజూ. శనివారం ఒక్కటే కాదు, కార్తీకమాసం ప్రత్యేక ఆఫరూ కాదు, రోజూ. క్రిస్ పెరీ అక్కడే, ఆయన బ్యాండులో పాడే లోర్నా అక్కడే. ఆ అమ్మాయి గొంతు విప్పితే రోడ్డు మీద టాక్సీ డ్రైవర్లు హారను కొట్టడం మానేసేవారు. కొంచెం పెంచి చెబుతున్నానేమో. ఒక డ్రైవరు మానేశాడు, నేను చూశాను.

అందులో ఒక హోటలు ముందు, పేరెందుకులెండి, అద్దాల తలుపు. ఎదురుగా ఫుట్‌పాత్ మీద దీపస్తంభం. ఆ స్తంభం నా సీటు. పొట్లం వేరుశెనక్కాయలు కొనుక్కుని అక్కడ నిలబడేవాణ్ణి. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపల ఏదో డొక్కల్లో కొట్టుకుంటున్నట్టు బాస్ ఒక్కటే వినబడేది. ఎవరో సూటువాడు లోపలికి వెళ్ళేవాడు. తలుపు తెరుచుకునేది. ఒక్కసారి ట్రంపెట్టూ, శాక్సఫోనూ, సెంటు వాసనా, చల్లగాలీ, కట్లెట్ వాసనా, అన్నీ కలిసి ముద్దగా మొహాన వచ్చి పడేవి. మూసుకునేది. మళ్ళీ డొక్కల్లో దడదడ. అందుకని నేను విన్న జాజ్ అంతా ముక్కలు ముక్కలు. ఇప్పటికీ ఏదైనా పాట మొదలు నుంచి చివరిదాకా వింటే నాకు ఏదో మోసంలా ఉంటుంది.

గుమ్మం దగ్గర తలపాగా దర్వాన్ రెండుసార్లు తోలేశాడు. మూడోసారి వేరుశెనక్కాయలు చెయ్యిచాపి అడిగాడు. ఆ తర్వాత మాకు స్నేహం. కొత్త సూటు ఎవరైనా వస్తే తలుపు కాస్త ఎక్కువసేపు పట్టుకుని ఉంచేవాడు, నాకోసం. అలాంటి మర్యాద ఇప్పుడుందా? ఇప్పుడన్నీ వాటంతటవే తెరుచుకునే తలుపులు. వాటికి వేరుశెనక్కాయలు పెట్టలేం.

అక్కడ తాగేవాళ్ళు కూడా పద్ధతిగా తాగేవారు, ఎందుకంటే పర్మిట్ ఉండాలి. బొంబాయిలో 1949లో మద్యనిషేధం చట్టం తెచ్చారు. 'నేను తాగుబోతుని, మందు లేకపోతే నా ఆరోగ్యం చెడుతుంది' అని కాగితం రాయించుకుని మరీ పెద్దమనుషులు తాగేవారు. ఈ చట్టం జాజ్ పొట్ట కొట్టింది. దొరలు అప్పటికే వెళ్ళిపోయారు, రాజుల రాజ్యాలు పోయాయి, ఇక మందూ పోతే హోటలువాడు పదిహేనుమంది బ్యాండుని ఎలా పోషిస్తాడు? బ్యాండ్లు చిన్నవైపోయాయి. మాస్టారు ఆ మాట చెప్పి, "అసలు రోజులు నువ్వు చూడలేదు బాబూ, నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయింది" అనేవాడు. 1962లో! నేను బంగారు కాలం అనుకుంటున్నది ఆయనకి బూడిద. ఆయనకి పాఠం చెప్పిన ముసలి వయొలిన్ ఆయన ఇంకా ముందే, టాకీలు వచ్చినప్పుడే సంగీతం చచ్చిందనేవాడట. ఈ వరసలో వెనక్కి పోతే ఆదాము హవ్వల దగ్గర తేలతాం. నేను మాత్రం మామూలు ముసలివాడిలా సణుగుతున్నానని అనుకోకండి. నా లెక్క నిజం లెక్క.

హోటళ్ళలో పని తగ్గినవాళ్ళు పగలు సినిమా స్టూడియోలకి పోయారు. ఇక్కడ మీరు చెవులు రిక్కించాలి. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని బాణీ కడతాడు. కానీ అరవైమంది వాయిద్యగాళ్ళలో ఎవరు ఎక్కడ ఏం వాయించాలో కాగితం మీద పెట్టేదెవరు? సెబాస్టియన్ డిసౌజా, ఆంథనీ గోన్సాల్వెస్, ఫ్రాంక్ ఫెర్నాండ్, మన చిక్ చాకొలెట్. శంకర్-జైకిషన్ పాటల్లో, ఓ.పి.నయ్యర్ పాటల్లో ఆ వయొలిన్ల వరదంతా సెబాస్టియన్ చేతి రాతే. ఆయన లాహోరులో హోటల్ బ్యాండు నడిపి, దేశం ముక్కలయ్యాక బొంబాయి చేరినవాడు. చాలా సినిమాల్లో తెర మీద వీళ్ళ పేరు కూడా పడేది కాదు. 1951లో సి.రామచంద్ర మాత్రం 'అల్‌బేలా'లో ఒక పాటకి చిక్ చాకొలెట్‌నీ ఆయన బృందాన్నీ కుచ్చుల చొక్కాలు తొడిగి కెమెరా ముందు నిలబెట్టాడు. అందుకని ఆయన మొహం మనకి మిగిలింది.

మనకేం సంబంధం అంటారేమో. ఎన్టీఆర్ 'జీవిత చక్రం'కి 1971లో పాటలు కట్టింది శంకర్-జైకిషన్. 1979లో 'అక్బర్ సలీం అనార్కలి'కి ఆ సి.రామచంద్రే. 'నీరాజనం' ఓ.పి.నయ్యర్‌ది. అంటే ఈ చర్చిగేట్ నీళ్ళు తిరిగి తిరిగి మన గోదావరి కాలవల్లోకీ వచ్చాయి. ఇంకొకటి. 1977లో అమితాబ్ పెద్ద గుడ్డులోంచి బయటికొచ్చి తన పేరు ఆంథనీ గోన్సాల్వెస్ అని పాడతాడే, ఆ పేరు సరదాకి పెట్టింది కాదు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌లో ప్యారేలాల్‌కి వయొలిన్ నేర్పిన గురువు పేరది. మా వాడి పెళ్ళిలో ఆ పాటకి ఊరంతా గంతులేశారు. పురోహితుడితో సహా. గురువుగారి పేరు మీద గంతులేస్తున్నామని ఒక్కడికీ తెలీదు. నేను చెప్పబోతే మా ఆవిడ నా నోట్లో లడ్డూ పెట్టింది.

1963లో డ్యూక్ ఎలింగ్టన్ వచ్చాడు. అమెరికా ప్రభుత్వం పంపింది, కమ్యూనిస్టులకి పోటీగా సంగీతాన్ని పంపే రోజులవి. మధ్యప్రాచ్యం నుంచి మొదలుపెట్టి మన దేశమూ తిరిగి, అంకారాలో ఉండగా కెన్నెడీని కాల్చేశారు, యాత్ర అక్కడితో ఆగింది. ఆ ప్రయాణం లోంచి పుట్టిన పాటల్లో ఒకటి ఢిల్లీలో విన్న గోరింక కూత మీద కట్టింది. చూశారా, అంతటివాళ్ళు మన గోరింకని ఆగి విన్నారు. మాస్టారు బొంబాయి కచేరీకి వెళుతూ "వస్తావా, టికెట్ సంపాదిస్తాను, డబ్బు నువ్వే ఇవ్వాలి" అన్నాడు. చెల్లెలి పెళ్ళికి మనియార్డరు పంపాలి మాస్టారూ అన్నాను. అబద్ధం. ఆ నెల టెరిలీన్ ప్యాంటు కుట్టించుకున్నాను. ఆ మరుసటేడు ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. అప్పుడు దానికి జత చొక్కా. ప్యాంటు మూడేళ్ళకి మోకాళ్ళ దగ్గర పోయింది.

కలకత్తా సంగతి నాకు తక్కువ తెలుసు. ఆఫీసు పని మీద ఒక్కసారి వెళ్ళి పార్క్ స్ట్రీట్‌లో ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్ ముందు నుంచి నడిచాను. అక్కడా తలుపులు అద్దాలవే. డార్జిలింగ్ నుంచి వచ్చిన లూయీ బ్యాంక్స్ అక్కడే పైకొచ్చాడు. తర్వాత ఆయనా బొంబాయి చేరాడు. మంచి రసగుల్లా తిన్నాను.

1968లో శంకర్-జైకిషన్ 'రాగా జాజ్ స్టైల్' అని ఒక రికార్డు తెచ్చారు, రాగాలని జాజ్‌లో పెట్టి, రయీస్ ఖాన్ సితారుతో. తోడి రాగానికి డ్రమ్ములేమిటి, కలికాలం అని నేను ఆంధ్ర మహాసభలో ఉపన్యాసం దంచాను. భాగవతార్‌గారు అప్పుడు మళ్ళీ నాతో మాట్లాడ్డం మొదలెట్టారు. ఈమధ్య మా మనవడు ఏదో పెడితే విని, అబ్బ, ఆ కాలం సంగీతం ఆ కాలందేరా అని మురిసిపోయాను. తీరా చూస్తే అదే రికార్డు.

1978 ఫిబ్రవరిలో జాజ్ యాత్ర. నిరంజన్ ఝవేరీ వగైరాలు పూనుకుని రంగ్ భవన్‌లో పెట్టారు. సానీ రోలిన్స్ వచ్చాడు, క్లార్క్ టెర్రీ వచ్చాడు. అప్పటికి నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు, డోంబివిలీలో కాపురం. రంగ్ భవన్ ధోబీ తలావ్‌లోనే, ఆరుబయలు రంగస్థలం. ఆరుబయలంటే అర్థమైంది కదా. గోడ పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను, పొట్లంతో. ఈసారి తలుపు లేదు. మొదటిసారి నేను ఒక పాటని ముక్కలు కాకుండా విన్నాను. రోలిన్స్ శాక్సఫోన్ గోడ దూకి, చెట్ల మీంచి, మా పాత కూడ్ మీంచి పోయింది. ఆఖరి లోకల్ పట్టుకుని రాత్రి ఒంటిగంటన్నరకి ఇంటికి చేరితే మా ఆవిడ "ఎవరితో?" అంది. రోలిన్స్‌తో అన్నాను. ఆ పేరు ఆడదో మగో తేల్చుకోవడానికి ఆవిడకి రెండ్రోజులు పట్టింది.

ఆ రంగ్ భవన్ కూడా తర్వాత మూతపడింది. పక్కన ఆసుపత్రులు, కాలేజీ, నిశ్శబ్ద మండలమన్నారు. ఆసుపత్రుల మాట నిజమే, కాదనను. కానీ గణపతి ఊరేగింపులకీ, డీజేలకీ...  వద్దు, బీపీ.

మిగతాది మీకు ఊహకి అందుతుంది. బ్యాండు బదులు క్యాసెట్టు పెడితే హోటలువాడికి భోజనాల ఖర్చు తగ్గింది. డిస్కోలొచ్చాయి. వినోదం పన్నొచ్చింది. స్టూడియోల్లోకి సింథసైజరొచ్చింది. ఒక పెట్టె, ఒక మనిషి, అందులోనే నలభై వయొలిన్లు. ఆ నలభైమంది ఏమయ్యారో ఎవరూ అడగలేదు. మాస్టారు 1983లో గోవా వెళ్ళిపోయాడు. వెళుతూ పెన్సిలుతో స్వరాలు రాసిన ఒక కాగితం ఇచ్చాడు, ఏదో సినిమా పాటలో తన ట్రంపెట్ భాగం. ఏ పాటో రాయలేదు. నాకు చదవడం రాదు. బీరువాలో చీరల కింద ఉంది. "నువ్వు మంచి శ్రోతవి" అన్నాడు. తర్వాత రైలు కదిలేముందు ఇంకో మాటన్నాడు, నవ్వుతూనే: "ఇరవై ఏళ్ళలో ఒక్కసారి లోపలికొచ్చి కాఫీ తాగి ఉంటే ఇంకా మంచి శ్రోతవి."

దాని మీద నేను నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ వీధిలో నాలాంటి స్తంభం శ్రోతలు ఎంతమంది ఉండేవారో! అందరం వేరుశెనక్కాయలవాణ్ణి పోషించాం. వాడు బాగానే ఉండి ఉంటాడు.

నిన్న మా మనవడు నన్ను హైదరాబాదులో ఒక పెద్ద హోటల్‌కి కాఫీకి తీసుకెళ్ళాడు, నిద్రమాట అన్నందుకు పరిహారం కాబోలు. తలుపు దానంతటదే తెరుచుకుంది. మూల ఒక కుర్రాడు శాక్సఫోన్ వాయిస్తున్నాడు, వెనక లాప్‌టాప్‌లోంచి డ్రమ్ములు. అక్కడున్న ముప్ఫైమందీ ఫోన్లలో ఉన్నారు. నేను తప్పులు పట్టడానికి కుర్చీ అటు తిప్పుకున్నాను. లాప్‌టాప్ ఒక తప్పు. స్పీకరు పెద్దగా పెట్టడం రెండో తప్పు. మూడోది వెతుకుతుంటే నా చెయ్యి బల్ల మీద పడడం మొదలెట్టింది. రెండు, నాలుగు. రెండు, నాలుగు. మా మనవడూ చప్పట్లు వేశాడు, ఒకటి మీదా మూడు మీదా. మణికట్టు పట్టుకుని ఆపాను.

పాటైపోయాక కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. గోవాలో ఏ ఊరు బాబూ, అన్నాను ఇంగ్లీషులో, కనోవర్‌లా నెమ్మదిగా. వాడు నన్ను ఎగాదిగా చూసి తెలుగులో చెప్పాడు.

"మాది రాజోలండీ తాతగారూ. మా ఊరి చర్చిలో నేర్చుకున్నాను."

కాఫీ 380 రూపాయలు, పన్ను వేరే. పాట చివరిదాకా విన్నాను. బిల్లు నేనే కట్టాను.